మైదానంలో పుట్టిన బిడ్డ

తెలుగు నవలలో ఇల్లు విడిచిపోవడం కొత్త విషయం కాదు. 1922లో వెలువడిన ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’లో వెంకటదాసు తండ్రి రామదాసు శాంతమార్గాన్ని కాదని తిరుగుబాటు దారి పట్టాడు. 1927 నాటి చలం ‘మైదానం’లో రాజేశ్వరి ప్లీడరు భర్త ఇంటిని వదలి అమీర్ వెంట వెళ్ళింది. ఈ పరంపరను ఆధారం చేసుకొని మన విమర్శలో ఒక సూత్రం పాతుకొనిపోయింది: కట్టుబాట్ల ఇల్లు లేనిదే ధిక్కారం లేదు, ధిక్కారం లేనిదే యౌవనోదయాన్ని చిత్రించే నవల లేదు. దీని ప్రకారం తల్లిదండ్రులే కట్టుబాట్లను దాటివచ్చిన ఇంట పెరిగిన పదహారేళ్ళ పిల్లకు కథ లేదు. ఆమె ఎవరిని ఎదిరిస్తుంది, దేనినుండి విముక్తి కోరుతుంది అని పండితుల ప్రశ్న.

ప్రశ్నలోనే దోషమున్నది. మైదానానికి నడిచి వెళ్ళినవారికి అది స్వేచ్ఛ. అక్కడ పుట్టినవారికి అది కేవలం ఇల్లు. ‘మైదానం’లో ఆ బిడ్డ పుట్టనే లేదు. ‘బిడ్డల శిక్షణ’ రాసిన చలం సైతం ఆ నవలలో బిడ్డకు చోటివ్వలేదన్న సంగతి విమర్శకులను ఆలోచింపజేయవలసింది. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ మాత్రం ఈ సూత్రాన్ని ఏనాడో భగ్నం చేసింది. దయానిధిని వెన్నాడేది తండ్రి కట్టడి కాదు, తల్లిని గూర్చి లోకం అనుకొనే మాట. వైద్యుడైనా, ఊరు మారినా ఆ మాట వెంట వచ్చింది. గడప దాటినంతమాత్రాన ఇల్లు వదలదని ఇంత స్పష్టంగా చెప్పిన నవల ఉండగా, పాత సూత్రాన్ని వల్లించడం చదువరితనం అనిపించుకోదు.

సూరత్ నగరం ఈ చర్చకు తగిన చోటు. ఆ ఊరి కవి నర్మద్ (1833–1886) 1858లో ఉపాధ్యాయవృత్తిని వదలి కలాన్నే నమ్ముకొన్నాడు. డాహీగౌరి భార్యగా ఉండగానే ఒక వితంతువును వివాహమాడాడు. 1866లో ‘మారీ హకీకత్’ పేర ఆత్మకథ రాశాడు. మన వీరేశలింగం పంతులూ స్వీయచరిత్ర రాశారు. సంస్కర్తలు తమ కథ తాము చెప్పుకొన్నారు, మంచిదే. అటువంటి ఇంటి వసారాలో కూర్చుని పెద్దల వాదాలు వింటూ పెరిగే బిడ్డ చూపు వేరు. సంస్కరణ ఆ బిడ్డ ఎన్నుకొన్నది కాదు.

అదే నగరంలోని నవాగామ్ వైపు ఇప్పుడు చూడాలి. ఆ పేరుకు అర్థమే కొత్త ఊరు. ఆ ప్రాంతంలోను, పొరుగున లింబాయత్‌లోను తెలంగాణ నుండి వలసవచ్చిన నేతపనివారి కుటుంబాలున్నాయి. తాతల నాడు మగ్గం ఇంట్లో ఉండేది, ఇల్లంతా దాని చుట్టూ తిరిగేది. ఇప్పుడు తండ్రి పరాయి మరమగ్గం దగ్గర పన్నెండు గంటల పాళీ చేస్తాడు; తల్లి ఇంట్లో చీరలకు అంచులు కుట్టి, రాళ్ళు అంటించి కూలి తెస్తుంది. గుజరాతీలో వచ్చిన కరెంటు బిల్లు చదివేది, యజమానితో హిందీలో మాట్లాడేది, ఊళ్ళోని నాయనమ్మకు తెలుగులో క్షేమం తెలిపేది తరచు పదిహేనేళ్ళ పిల్లే. ఇంటి పెద్దరికం తలకిందులైంది. సంప్రదాయానికి ఇంతకన్న దూరమైన ఇల్లు ఏ సంస్కర్త కట్టాడు? ఆ పిల్ల పైచదువుకో పెళ్ళికో గడప దాటితే ఇంటి నోరే పోయినట్లు. అడ్డుపడే తండ్రి అక్కడ లేడు. “వెళ్ళమ్మా” అనే తండ్రి ఉన్నాడు. ఆ అనుమతిలోని బరువు నిషేధంలో లేదు.

ప్రవాసాంధ్ర సాహిత్యమనగానే సముద్రాల ఆవలికి చూచే సంస్థలకు సూరత్ రైలు దూరంలోనే ఉన్నదని ఎవరో గుర్తుచేయాలి. సూరత్ నగరపాలిక గుజరాతీతోబాటు తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలు నడుపుతున్నది. 2023 నాటి చట్టంతో గుజరాత్‌లో ఎనిమిదో తరగతి వరకు గుజరాతీ బోధన తప్పనిసరి అయింది. రెండు భాషలూ చదివిన పిల్లలు అక్కడ తయారవుతున్నారు. ఇక్కడ మాత్రం గుజరాతీ నవల తెలుగులోకి రావాలంటే తరచు హిందీ మీదుగానో ఇంగ్లీషు మీదుగానో రావలసి వస్తున్నది. అనువాదకులు దొరకరని దస్త్రాల్లో రాసేముందు అధికారులు ఒకసారి ఆ బడుల హాజరుపట్టీలు తెప్పించుకొని చూడవచ్చు.