కప్పు సరే, తూము సంగతేమిటి?

అమెరికా వచ్చిన మన కుర్రాళ్ళలో కొంతమందికి గ్రీన్‌కార్డు కంటే ముందే తీరే కోరిక ఒకటుంటుంది: కన్వర్టిబుల్ కారు. కొత్తది కొనే స్తోమత లేకపోయినా, బాగా పాతబడ్డ మియాటానో, బాక్‌స్టరో, జెడ్4నో చవగ్గానే దొరుకుతుంది. కొనేటప్పుడు ఇంజను శబ్దం వింటాం, ఎన్ని మైళ్ళు తిరిగిందో చూస్తాం, కప్పు గుడ్డ ఎక్కడైనా చిరిగిందేమో తడిమి చూస్తాం, రెండు సార్లు తెరిచి మూసి మురిసిపోతాం. కప్పు మీద పడ్డ వాన ఎటు పోతుందని మాత్రం ఎవరూ అడగరు.

సాంకేతిక శీర్షికలో కారు తూముల గొడవేమిటని అనుకోకండి. నా ఉద్దేశంలో ఇది మన వృత్తికి చాలా దగ్గర విషయం. ఏ యంత్రం పనితనమైనా దాని కప్పులో కన్నా దాని తూములో ఎక్కువ తెలుస్తుంది. తూము ఎక్కడుందో వాడేవాడికి కనపడకుండా, దాన్ని ఎప్పుడు శుభ్రం చెయ్యాలో సర్వీసు పట్టికలో రాయకుండా కారు అమ్మితే, ఆ తరవాత జరిగే నష్టాన్ని యజమాని అశ్రద్ధ అని తోసెయ్యడం అన్యాయం. అది డిజైను లోపం. ఈ మాట కార్ల కంపెనీలకి ఎంత వర్తిస్తుందో, మనం రాసే సాఫ్టువేరుకీ అంతే వర్తిస్తుంది.

వాన లోపలికి వస్తుంది

కారు నీళ్ళు చొరని డబ్బా అని చాలామంది నమ్మకం. నిజానికి ఏ కారూ అలా ఉండదు. మీ మామూలు కామ్రీ తలుపునే తీసుకోండి. కిటికీ అద్దం కిందికి దిగాలంటే అద్దానికీ రబ్బరుకీ మధ్య కాస్త సందు తప్పదు. వాన పడితే ఆ సందులోంచి నీళ్ళు తలుపు లోపలికి దిగుతాయి. తలుపు అడుగున చిన్న చిన్న కంతలుంటాయి, వాటిలోంచి బయటికి పోతాయి. సన్‌రూఫ్ కూడా అంతే. చుట్టూ ఉన్న రబ్బరు వానని చాలావరకే ఆపుతుంది, మిగిలింది కింద ఉన్న పళ్ళెంలాంటి చట్రంలో పడుతుంది. ఆ చట్రం మూలల నుంచి సన్నటి గొట్టాలు కారు స్తంభాల లోపలగుండా కిందికి దిగి, నీటిని నేల మీద వదుల్తాయి.

కన్వర్టిబుల్లో ఈ ఏర్పాటు మరీ ముఖ్యం. గుడ్డ కప్పు మీద పడ్డ వాన చాలావరకు వెనక్కి జారి, కప్పు మడుచుకునే చోట ఉన్న కాలవలోకి చేరుతుంది. మియాటాలో సీట్ల వెనక, సీటుబెల్టు బిగించిన చోటికి దగ్గర్లో రెండు పక్కలా గొట్టాలుంటాయి. నీళ్ళు వాటిలోంచి దిగి వెనక చక్రాల ముందు నేల మీద పడతాయి.

ఈ ఆలోచనలో తప్పేమీ లేదు. రబ్బరు ఎండకి గట్టిపడుతుంది, గుడ్డ ముడుచుకుంటుంది, కుట్లు వదులవుతాయి. ఒక్క చుక్క కూడా రానివ్వనని భీష్మించుకున్న కప్పు ఏదో ఒక రోజు ఓడిపోక తప్పదు. వచ్చిన నీటికి దారి చూపించడమే తెలివైన పద్ధతి. చిక్కల్లా ఆ దారిని ఎవరు చూసుకోవాలన్న దగ్గర వస్తుంది.

పూడితే ఏమవుతుంది?

చెట్టు కింద పెట్టిన కారు కప్పు మడతల్లో ఆకులు, పుప్పొడి, దుమ్ము చేరతాయి. సియాటిల్ లాంటి చోట్ల ఫర్ చెట్ల సూదులు ఏడాది పొడుగునా రాలుతూనే ఉంటాయి. ఇవన్నీ కలిసి నాని, నల్లటి ముద్దలా మారి గొట్టం మూతిని మూసేస్తాయి. ఆ తరవాత వచ్చిన వాన కాలవలో నిండి, గట్టు దాటి, కారు లోపలికి దిగుతుంది.

దిగిన నీళ్ళు కంటికి కనపడవు. ఈ కాలపు కార్లలో కార్పెట్ కింద మందపాటి స్పాంజి ఉంటుంది, అది నీటిని పీల్చుకుంటుంది. పైన చేత్తో తడిమితే పొడిగానే ఉన్నట్టుంటుంది, అడుగున మాత్రం చెరువు. మనకి తెలిసేది అద్దాలకి పొద్దున్నే లోపలివైపు ఆవిరి పట్టినప్పుడు, లేదా బూజు వాసన వచ్చినప్పుడు. అప్పటికే ఆలస్యం అయిపోయి ఉంటుంది.

దీనికి తోడు ఇంకో సంగతి ఉంది. ఇంజను దగ్గర ఉండే వైర్ల కనెక్టర్లకి నీరు చొరకుండా రబ్బరు బిరడాలుంటాయి. కారు లోపలి భాగం పొడిగా ఉంటుందన్న భరోసాతో అక్కడి కనెక్టర్లలో చాలావాటికి అవి ఉండవు. 1996లో వచ్చిన మొదటి తరం బాక్‌స్టర్లో తాళాన్ని గుర్తుపట్టే ఇమ్మొబిలైజర్ పెట్టె ఎడమ సీటు కింద, నేల మీదే ఉంటుంది. తూము పూడి నీళ్ళు చేరితే ముందు మునిగేది అదే. అది పోతే కారు స్టార్టు కాదు. 2002 నుంచి 2008 దాకా తయారైన మొదటి తరం జెడ్4లో అయితే, కప్పుని ఎత్తి దించే హైడ్రాలిక్ పంపు మోటారుని సరిగ్గా కప్పు మడుచుకునే గుంటలోనే, తూము పక్కనే పెట్టారు. తూము పూడగానే మోటారు మునుగుతుంది. వాననుంచి కాపాడే కప్పు వాన వల్లే కదలకుండా పోతుందన్న మాట. పాత మియాటాల్లో నష్టం ఇంకా నెమ్మదిగా జరుగుతుంది. నీళ్ళు తలుపుల కింది ఉక్కు గుమ్మాల్లోకి చేరి, లోపల్నించి తుప్పు తింటాయి. రంగు మీద బుడగలు కనపడేసరికి లోపల రేకు ఉండదు.

నాకు తెలిసిన ఒక మిత్రుడు హెచ్1 మీద వచ్చిన రెండో ఏడు ఒక పాత కన్వర్టిబుల్ కొన్నాడు. మూడు నెలల తరవాత, ఒక వారం ఎడతెరిపి లేకుండా వాన పడ్డాక, కారు కదలలేదు. లోపలి పెట్టెలు, వైర్ల కట్ట మార్చాలని షాపువాళ్ళు చెప్పిన ఖర్చు, అతను కారుకి పెట్టిన ధరలో సగం పైనే. బీమా కంపెనీ ఇది వరద కాదు, నిర్వహణ లోపం అంది. అమెరికాలో కాంప్రహెన్సివ్ బీమా సాధారణంగా వరదకి వర్తిస్తుంది గానీ, పూడిన తూము లాంటి నిర్వహణ సమస్యలకి వర్తించదు. సర్వీసు పుస్తకం తిరగేస్తే ఆయిలు, ఫిల్టర్లు, బ్రేకులు, స్పార్కు ప్లగ్గులు అన్నీ మైళ్ళతో సహా ఉన్నాయి. తూముల ఊసు లేదు. అతని తప్పు ఎక్కడుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

పామ్‌డేల్ తూము

ఇదంతా కార్లకే పరిమితం అనుకుంటే పొరపాటు. 2004 సెప్టెంబరు 14న లాస్ ఏంజెలెస్ దగ్గర పామ్‌డేల్‌లోని విమాన నియంత్రణ కేంద్రంలో రేడియో వ్యవస్థ హఠాత్తుగా ఆగిపోయింది. ఆకాశంలో ఉన్న వందలాది విమానాలతో కంట్రోలర్లకి మాట తెగిపోయింది. బ్యాకప్ కూడా కాసేపటికే పడిపోయింది. కొన్ని విమానాలు నిబంధనలు అనుమతించే దూరం కంటే దగ్గరగా వచ్చాయి. ప్రమాదం జరగకపోవడం అదృష్టం.

కారణం మనందరికీ తెలిసిన రకమే. ఆ వ్యవస్థలోని ఒక సర్వరు మిల్లీసెకన్లు లెక్కపెట్టడానికి 32 బిట్ల కౌంటర్ వాడేది. రెండు టు ది పవర్ 32 మిల్లీసెకన్లంటే దాదాపు 49.7 రోజులు. కౌంటర్ అయిపోతే వ్యవస్థ ఆగిపోతుంది. ఈ సంగతి ముందే తెలుసు. అందుకని ప్రతి 30 రోజులకీ ఒక మనిషి దాన్ని రీస్టార్టు చెయ్యాలని నియమం పెట్టారు. ఆ సారి అది జరగలేదు.

ఆ నెలవారీ రీస్టార్టే ఆ వ్యవస్థకి తూము. మరిచిపోయిన టెక్నీషియన్ని తిట్టడం తేలిక. ఒక మనిషి జ్ఞాపకశక్తి మీద వందల విమానాలని వేలాడదీసిన నిర్ణయాన్ని ప్రశ్నించడం కష్టం. మన ప్రాజెక్టుల్లోనూ ఇలాంటివి కొల్లలు. లాగ్ ఫైళ్ళు నిండి డిస్కు మూసుకుపోయి అర్ధరాత్రి పడిపోయే సర్వర్లు, ఎవరూ తీసుకోక పేరుకుపోయిన మెసేజ్ క్యూలు, గడువు తీరిన సర్టిఫికెట్లు. వీటిలో ఏదీ ఒక్క రోజులో రాదు. రోజుకో ఆకు పడుతుంది.

చెరువు కట్టినవాళ్ళకి తెలిసిన విషయం

మన ఊరి చెరువుకి కట్ట ఎంత ముఖ్యమో, తూమూ అలుగూ అంత ముఖ్యం. పొలాలకి నీళ్ళు వదిలేది తూము, చెరువు నిండాక ఎక్కువైన నీటిని బయటికి పంపేది అలుగు. అలుగు లేని చెరువుకి కట్ట తెగడం ఖాయం. అయితే ఆ పాత ఏర్పాటులో నాకు నచ్చేవి రెండు గుణాలు. ఒకటి, అలుగు అందరి కళ్ళకీ కనపడుతుంది. అలుగు పారిందంటే ఊరు ఊరంతా చూడ్డానికి పోతుంది. రెండు, నీటి సంగతి చూసుకోడానికి నీరటి అని ఊళ్ళో ఒక మనిషి ఉండేవాడు. తూము ఎవరిదీ కాని వస్తువుగా మిగల్లేదు.

కనపడాలి, ఒకరి పూచీ ఉండాలి. కారు తూముకి ఈ రెండూ లేవు. తూము రెండు చెక్కల వెనక దాక్కుని ఉంటుంది. సర్వీసుకి ఇస్తే, పట్టికలో లేని పని మెకానిక్కు చెయ్యడు. కొన్ని కంపెనీలు యజమాని పుస్తకంలో ఎక్కడో ఒక వాక్యం రాస్తాయి, కానీ కారు మూడో చేతికి వచ్చేసరికి ఆ పుస్తకమే ఉండదు.

"ఇంత చిన్న పని యజమాని చేసుకోలేడా?" అనేవాళ్ళున్నారు. చేసుకోగలడు, పది నిమిషాల పని. కానీ తెలిసినవాడే చేసుకోగలడు. టైరులో గాలి తగ్గితే దీపం వెలిగించమని అమెరికా చట్టం 2000ల్లో కంపెనీలని ఒప్పించింది, అంతకుముందు అదీ యజమాని పనే. కార్పెట్ కింద తడి తగిలితే చెప్పే ఒక చిన్న సెన్సరు పెట్టడం ఇన్ని కంప్యూటర్లున్న కారుకి బరువేమీ కాదు. కనీసం తూము మూతిని చేతికందే చోట పెట్టి, దాని శుభ్రతని ఏటేటా చేసే సర్వీసులో ఒక వరుసగా చేర్చమని అడగడం అత్యాశ కాదు.

అంతదాకా మనం చేసుకోవలసింది

కంపెనీలు మారేదాకా ఆగితే కారు మునుగుతుంది కాబట్టి, పద్ధతి చెప్తాను.

ముందు ఆకుల్ని, చెత్తని చేత్తోనో వాక్యూముతోనో పైకి తియ్యండి, లోపలికి తొయ్యకండి. తరవాత ఒక గ్లాసు నీళ్ళు నెమ్మదిగా కాలవలో పొయ్యండి. కొన్ని క్షణాల్లో కారు కింద ధారగా పడాలి. రెండు పక్కలా చూడండి. ఒక పక్క ధార, ఇంకో పక్క చుక్కలు వస్తుంటే రెండోది పూడుతోందని అర్థం.

పూడితే, గడ్డి కోసే ట్రిమ్మర్లో వాడే నైలాను తీగ లాంటి మెత్తటిది నెమ్మదిగా పోనివ్వండి. ఇనప తీగ వద్దు, గొట్టం చిల్లు పడుతుంది. ఎక్కువ ఒత్తిడితో గాలి కొట్టడం ఇంకా ప్రమాదం. లోపల గొట్టం దాని మూతి నుంచి ఊడిపోతే, ఇక ప్రతి చుక్కా కారులోకే. కొన్ని కార్లలో గొట్టం చివర బాతుముక్కులాంటి రబ్బరు మూత ఉంటుంది, దాంట్లో మట్టి పేరుకుంటుంది. వేళ్ళతో నలిపితే రాలిపోతుంది.

లోపల ఇప్పటికే తడి ఉంటే ఏసీ వేసి ఆరబెట్టడం సరిపోదు. బ్యాటరీ విప్పి, కార్పెట్ ఎత్తి, స్పాంజిని ఆరబెట్టాలి. నీళ్ళు నిలిచిన కారులో తాళం తిప్పి చూడకండి.

ఆకులు రాలడం అయిపోయాక నవంబరు చివర్లో ఒకసారి, పుప్పొడి కాలం అయిపోయాక జూన్‌లో ఒకసారి. కారు చెట్టు కింద ఉంటే ఇంకో రెండు సార్లు. సన్‌రూఫ్ ఉన్నవాళ్ళకీ ఇదే వర్తిస్తుంది. పాత కన్వర్టిబుల్ కొనబోయేవాళ్ళయితే, డబ్బు చేతులు మారకముందే ఆ గ్లాసు నీళ్ళ పరీక్ష చెయ్యండి. అమ్మేవాడు ఒప్పుకోకపోతే అదే జవాబు.

ఈ తేదీల్ని బుర్రలో కాకుండా కాలెండర్లో పెట్టుకోండి. అలాగే ఈసారి ఆఫీసులో డిజైను సమీక్షకి కూర్చున్నప్పుడు రెండు ప్రశ్నలు అడగండి: ఇందులో రోజూ పేరుకునేది ఏమిటి? దాన్ని బయటికి పంపే పని ఎవరి పేరు మీద ఉంది? రెండో ప్రశ్నకి గదిలో ఎవరూ నోరు విప్పకపోతే, ఆ కప్పు ఎంత అందంగా ఉన్నా సంతకం పెట్టకండి.