కేస్ స్టడీలో కనిపించని తాకట్టు

బిజినెస్ స్కూళ్ల పాఠాల్లోకి పేదల ప్రస్తావన గట్టిగా వచ్చింది ఈ శతాబ్దపు మొదటి దశాబ్దంలో. 2004లో సి.కె.ప్రహ్లాద్ ‘ద ఫార్చ్యూన్ ఎట్ ద బాటమ్ ఆఫ్ ద పిరమిడ్’ వెలువడింది. పేదలను దానం పుచ్చుకునేవారిగా చూడకూడదని, కొనుగోలుదారులుగా చూడాలని ఆయన వాదించారు. సరుకు ధర తగ్గించి లక్షల మందికి అమ్మగలిగితే కంపెనీకి లాభమూ పేదలకు మేలూ రెండూ జరుగుతాయన్నారు. 2006లో మహమ్మద్ యూనస్‌కు, పేదలకు చిన్న అప్పులిచ్చేందుకు ఆయన స్థాపించిన గ్రామీణ బ్యాంకుకు కలిపి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. 2013 నాటి కంపెనీల చట్టం, ఒక స్థాయి దాటిన కంపెనీలు తమ సగటు నికర లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలని నిర్దేశించింది. వీటన్నిటి ఫలితంగా, సమాజానికి మేలు చేసే టెక్నాలజీ అనేది ఎంబీఏ విద్యార్థికి ఒక ఎలెక్టివ్‌గా, క్లబ్‌గా, పోటీగా, చివరికి ఉద్యోగంగా కూడా మారింది.

ఈ చదువుకు ప్రధాన సాధనం కేస్ స్టడీ. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ స్థిరపరచిన ఈ పద్ధతిని, ఆ స్కూల్ సహకారంతో 1961లో మొదలైన అహ్మదాబాద్ ఐఐఎం మన దేశంలో వేళ్లూనుకునేలా చేసింది. 2001లో హైదరాబాద్‌లో ప్రారంభమైన ఐఎస్‌బీ దాకా అది విస్తరించింది. ఒక సంస్థ చరిత్ర, లెక్కలు, దాని అధిపతి ముందున్న చిక్కు ఇరవై ముప్పై పేజీల్లో ఉంటాయి. విద్యార్థి రాత్రి అది చదివి, తోటివారితో చర్చించి, మర్నాడు తరగతిలో ఆ అధిపతి స్థానంలో నిలబడి నిర్ణయం చెప్పాలి. తక్కువ సమాచారంతో, తక్కువ సమయంలో తేల్చుకోవడం నేర్పడంలో దీనికి సాటి వచ్చే పద్ధతి అరుదు. అయితే ప్రతి కేసులోనూ విద్యార్థి కూర్చునేది నిర్ణయం తీసుకునే కుర్చీలోనే. ఆ నిర్ణయాన్ని భరించేవారి వైపు కూర్చునే అవకాశం ఆ పేజీల్లో దాదాపు దొరకదు. సామాజిక ప్రయోజనం గురించిన కేసుల్లో ఈ లోటు చాలా పెద్దది.

ఆ కేసుల్లో అందరికీ తెలిసినది మదురై అరవింద్ కంటి ఆస్పత్రి. 1976లో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి పదకొండు పడకలతో దాన్ని ప్రారంభించారు. ఒక శస్త్రచికిత్స ముగుస్తుండగానే పక్క బల్ల మీద రెండో రోగిని సిద్ధం చేయడం, పల్లెల నుంచి వచ్చిన యువతులకు శిక్షణ ఇచ్చి డాక్టరు చేయనక్కర్లేని పనులన్నీ అప్పగించడం, డబ్బు కట్టగలిగినవారి రుసుముతో కట్టలేనివారికి వైద్యం చేయడం దాని పద్ధతులు. కంట్లో అమర్చే విదేశీ లెన్సుల ధర అందుబాటులో లేదని 1992లో ఆరోల్యాబ్ పెట్టి, సొంతంగా లెన్సులు తయారుచేసి ధరను అనేక రెట్లు తగ్గించారు. తరగతిలో చర్చ సాధారణంగా ఇక్కడ ఆగుతుంది. కానీ ఉచిత శిబిరాలు పెట్టినా, కంటి వైద్యం అవసరమైనవారిలో కొద్దిమందే వస్తున్నారని ఆ సంస్థే తన పరిశీలనలో గుర్తించింది. రానుపోను ఖర్చు, పోయే కూలి, వెంట వచ్చే మనిషి లేకపోవడం, ఆపరేషన్ అంటే భయం అడ్డుపడ్డాయి. ఆ తరవాతే చిన్న ఊళ్లలో దృష్టి కేంద్రాలు వచ్చాయి. తేని ప్రాంతంలో బర్క్‌లీ పరిశోధకులు రూపొందించిన దూరశ్రేణి వైఫైతో ఆ కేంద్రాల్లోని రోగులను ఆస్పత్రి డాక్టర్లు చూడగలిగారు. హైదరాబాద్‌లోని ఎల్.వి.ప్రసాద్ కంటి ఆస్పత్రి కూడా అప్పటి ఆదిలాబాద్ జిల్లా ముధోల్ మొదలుకొని పల్లెల దగ్గరికి వెళ్లే దారినే ఎంచుకుంది. దూరం నుంచే రోగిని చూసే ఈ టెక్నాలజీ, రోగి ఎందుకు రావడం లేదో తెలిశాక వచ్చింది. అందుకే నిలిచింది.

తెలుగు నేల మీద జరిగిన సూక్ష్మరుణాల కథ మరో రకం. బిజినెస్ విద్యార్థి తప్పక చదవాల్సింది ఇదే. 1990ల చివర విక్రమ్ ఆకుల మెదక్ జిల్లాలో ఎస్‌కేఎస్ పేరుతో స్వచ్ఛంద సంస్థగా పని మొదలుపెట్టారు. యూనస్ పద్ధతిలో అయిదుగురు ఆడవాళ్లు ఒక జట్టు. ఎవరూ ఆస్తి తాకట్టు పెట్టనక్కర్లేదు. ఒకరు కిస్తీ కట్టకపోతే మిగిలినవారు చూసుకోవాలి. తెల్లవారుజామునే సమావేశం, వారం వారం వాయిదా. చేతిలో పట్టే యంత్రాలు, స్మార్ట్ కార్డులు తెస్తే సమావేశం త్వరగా ముగిసి ఖర్చు తగ్గుతుందని తొలినాళ్లలోనే ప్రయోగం చేశారు. ఆశించినంత సమయం మిగలలేదు. సమావేశంలో పొద్దు పోయేది లెక్క రాయడానికి కాదు, డబ్బు లెక్కపెట్టడానికి, రానివారి గురించి మాట్లాడుకోవడానికి. ఈ చిన్న సంగతికి పాఠ్యపుస్తకాలు ఇచ్చిన దానికంటే ఎక్కువ చోటు దక్కాలి.

2005లో ఎస్‌కేఎస్ బ్యాంకింగేతర ఆర్థిక సంస్థగా మారింది. ప్రైవేటు పెట్టుబడి వచ్చింది. శాఖలు, సిబ్బంది, సాఫ్ట్‌వేర్ శరవేగంగా పెరిగాయి. దానితోపాటు ఇతర సంస్థలూ అవే ఊళ్లలోకి వచ్చాయి. ఆ ఊళ్లు ఖాళీగా లేవు. అప్పటికే డ్వాక్రా, పొదుపు సంఘాల ఉద్యమం బలంగా ఉన్న రాష్ట్రం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. బ్యాంకు అప్పు మీద పావలా వడ్డీ పథకం నడుస్తుండేది. సూక్ష్మరుణ సంస్థల వడ్డీ ఏడాదికి పాతిక శాతం దాటేది. ఒకే ఇల్లాలు పొదుపు సంఘంలో సభ్యురాలు, రెండు మూడు సంస్థల్లో అప్పుదారు. ఒకరి కిస్తీ కట్టడానికి మరొకరి దగ్గర అప్పు. ప్రతి సంస్థ కంప్యూటర్‌లోనూ ఆమె సకాలంలో కట్టే మంచి ఖాతాదారే. అన్ని లెక్కలూ ఒకచోట కలిపి చూసే వ్యవస్థ అప్పట్లో ఎక్కడా లేదు. 2006 మార్చిలో కృష్ణా జిల్లా అధికారులు పదుల సంఖ్యలో శాఖలు మూయించినప్పుడే ప్రమాద హెచ్చరిక వినిపించింది. సంస్థల విస్తరణ మాత్రం ఆగలేదు.

2010 జూలై, ఆగస్టుల్లో ఎస్‌కేఎస్ షేర్లు మార్కెట్‌కు వచ్చాయి. సుమారు 1,600 కోట్ల రూపాయల ఇష్యూకు పదమూడు రెట్లకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఆ వెంటనే అప్పుల ఒత్తిడితో ఆడవాళ్లు ఆత్మహత్యలు చేసుకున్నారన్న వార్తలు పత్రికల్లో వరసకట్టాయి. అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. సంస్థలు జిల్లాల వారీగా నమోదు కావాలి, వాయిదా వారానికి కాక నెలకొకసారి ఉండాలి, వసూలు ఇంటి గుమ్మం దగ్గర కాక బహిరంగ స్థలంలో జరగాలి, వడ్డీ మొత్తం అసలును మించకూడదు అన్నవి దాని ప్రధాన నిబంధనలు. దాదాపు నూటికి నూరుగా ఉన్న వసూళ్లు కొద్ది నెలల్లో కుప్పకూలాయి. రిజర్వ్ బ్యాంకు నియమించిన మాలెగాం కమిటీ 2011 జనవరిలో నివేదిక ఇచ్చింది. ఆ ఏడాది చివర ఈ సంస్థలకు ప్రత్యేక వర్గం ఏర్పడింది, ఒక అప్పుదారుకు రెండుకు మించి సంస్థలు రుణం ఇవ్వకూడదన్న నియమం వచ్చింది, రుణ చరిత్రలు నమోదు చేసే క్రెడిట్ బ్యూరోలు ఈ రంగంలోకి అడుగుపెట్టాయి.

ప్రభుత్వం మరీ కఠినంగా వ్యవహరించిందనీ, బకాయిలు ఎగ్గొట్టడానికి ఊతమిచ్చిందనీ వాదించేవారు ఇప్పటికీ ఉన్నారు. పేద ఇళ్లకు సక్రమమైన అప్పు దారులు మూసుకుపోయాక పాత వడ్డీ వ్యాపారులు తిరిగి వచ్చారన్న మాటలోనూ నిజముంది. కానీ అసలు ప్రశ్న దానికి ముందే ఉంది. తాకట్టు లేని అప్పు అన్న వర్ణన పూర్తిగా నిజం కాదు. పొలం, బంగారం తాకట్టు లేవు. ఇరుగుపొరుగు ముందు ఆమె పరువు తాకట్టులో ఉంది. నూటికి తొంభై తొమ్మిది వసూలు కావడం వెనక పనిచేసిన బలాల్లో అదొకటి. బ్యాలెన్స్ షీట్‌లో దానికి పద్దు లేదు, కాబట్టి కేసులోనూ కనిపించదు.

పరువే తాకట్టు అన్న మాట ఎంత నిజమో పదేళ్ల తరవాత మళ్లీ రుజువైంది. 2020లో, కరోనాతో ఉపాధి పోయిన కాలంలో, ఫోన్లో నిమిషాల మీద అప్పిచ్చే యాప్‌లు వచ్చాయి. సొమ్ములో కొంత ముందే కోసుకునేవి, వారం పది రోజుల్లో మొత్తం అడిగేవి. అప్పు తీసుకునే క్షణంలోనే ఫోన్లోని పేర్లు, నంబర్లు, ఫొటోలు వాటి చేతికి చిక్కేవి. గడువు దాటితే బంధువులకు, స్నేహితులకు, తోటి ఉద్యోగులకు ఫోన్లు చేయడం, మార్ఫింగ్ చేసిన ఫొటోలు పంపడం సాగేవి. తెలుగు రాష్ట్రాల్లో ప్రాణాలు పోయాయి. 2020 డిసెంబరులో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేసి అరెస్టులు చేశారు. వాకిట్లో కూర్చున్న జట్టు స్థానంలో కాంటాక్ట్ లిస్ట్ వచ్చింది. తాకట్టు మాత్రం అదే పరువు. ఈసారి జాలి చూపే పక్కింటావిడ కూడా లేదు. 2022 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు డిజిటల్ రుణాల మార్గదర్శకాలు విడుదల చేసి, అప్పు సొమ్ము నేరుగా అప్పుదారు ఖాతాకే చేరాలని, యాప్‌లు కాంటాక్టులు, కాల్ రికార్డుల జోలికి వెళ్లకూడదని చెప్పింది. అదే ఏడాది మార్చిలో సూక్ష్మరుణాలపై తెచ్చిన నిబంధనల్లో, అన్ని అప్పుల నెలవారీ వాయిదాలూ కలిపి కుటుంబ నెలవారీ ఆదాయంలో సగానికి మించకూడదని నిర్దేశించింది. విద్యార్థి దృష్టిలో ఈ రెండూ పాటించాల్సిన షరతులుగా మిగిలిపోతే నష్టం. ఒక్కొక్క నియమం వెనకా ఒక ఇంట్లో జరిగిన అనర్థం ఉంది.

ఈ ఎరుక బిజినెస్ స్కూల్ దినచర్యలో ఎక్కడ కలగాలి అన్నది ఇక మిగిలిన విషయం. మొదటి ఏడాది అసైన్‌మెంట్లు, క్విజ్‌లు, గ్రూప్ ప్రాజెక్టులతో గడిచిపోతుంది. వేసవిలో రెండు నెలల ఇంటర్న్‌షిప్. రెండో ఏడాది సగం దాటేసరికి ప్లేస్‌మెంట్ల ధ్యాస. సామాజిక సంస్థల పోటీల్లో పది నిమిషాల ప్రెజెంటేషన్‌కు బహుమతి వస్తుంది. ఆ పది నిమిషాల్లో చెప్పిన యాప్‌ను వాడబోయే మనిషిని జట్టులో ఒక్కరైనా కలిశారా అని అడిగే న్యాయనిర్ణేతలు ఇంకా పెరగాలి. వర్గీస్ కురియన్ చొరవతో 1979లో ఆనంద్‌లో ఏర్పడిన గ్రామీణ మేనేజ్‌మెంట్ సంస్థ ఇర్మా మొదటినుంచీ విద్యార్థులను వారాల తరబడి గ్రామాల్లో ఉంచుతోంది. జంషెడ్‌పూర్ ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐలోనూ గ్రామ పరిచయ కార్యక్రమం ఉంది. తెలుగు రాష్ట్రాల్లో ఐసెట్ ప్రవేశ పరీక్ష రాసి చేరే విద్యార్థుల్లో చాలామంది పల్లెల నుంచి, పొదుపు సంఘంలో సభ్యులైన అమ్మల ఇళ్ల నుంచి వచ్చినవారే. వారికి తెలిసిన ఈ లోకానికి తరగతిలో విలువ లేకపోవడం విచారకరం. కేసు రాసే బాధ్యతను వారికే అప్పగించవచ్చు. ఒక సంఘం అయిదేళ్ల లెక్కల పుస్తకం, ఒక ఇంటి అప్పుల జాబితా, ఒక వసూలు ఏజెంటు పనిదినం ఆధారంగా, పేర్లు బయటపెట్టకుండా, తెలుగులో రాయించాలి. రాసినదాన్ని ఆ సంఘం సమావేశంలో చదివి వినిపించి, వారు చెప్పిన అభ్యంతరాలను అందులో చేర్చాకే మార్కులు వేయాలి.