జలుబుకు మూడు మాత్రలు

యాంటీబయాటిక్ నిరోధకత మీద ప్రశ్న వస్తే మనం రాసే జవాబు దాదాపు ఒకటే: ప్రజల్లో అవగాహన లేదు, సొంత వైద్యం పెరిగింది, కఠిన చట్టాలు కావాలి. నేనూ అలాగే రాసేవాణ్ని. అలా రాసిన వారంలోనే జలుబు చేస్తే, అశోక్ నగర్‌లో మా రూమ్ కింద మెడికల్ షాపులో చీటీ లేకుండా అజిత్రోమైసిన్ 500 కొని మూడు రోజులు వేసుకున్నాను. స్ట్రిప్పు మీద ఎర్ర గీత కూడా చూశాను. అవగాహన లేకనా?

జలుబు వైరస్ వల్ల వస్తుంది, ఆ మాత్ర దాన్ని ఏమీ చేయదు. కానీ చాలామంది ముక్కు, గొంతులో న్యూమోకాకస్ లాంటి బ్యాక్టీరియా ఏ హానీ చేయకుండా ఉంటుంది. మందు తగిలేది దానికి. పైగా అజిత్రోమైసిన్ కోర్సు అయిపోయాక కూడా కొన్ని రోజులు తక్కువ మోతాదులో ఒంట్లో మిగిలే ఉంటుంది. ఆ మోతాదుకు లొంగేవి పోయి, తట్టుకున్నవి పెరుగుతాయి. అవే దగ్గుతోనో తుమ్ముతోనో ఇంట్లో పసిబిడ్డకో తాతయ్యకో చేరి న్యుమోనియా తెస్తే ఆ మందు పనిచేయదు. మాత్ర మింగింది ఒకరు, అనుభవించేది మరొకరు. 2019లో ప్రపంచవ్యాప్తంగా నిరోధక బ్యాక్టీరియాతో ముడిపడిన మరణాల్లో శ్వాసకోశ ఇన్ఫెక్షన్లదే పెద్ద వాటా, 15 లక్షలకు పైనే.

ఇక చట్టం. 2013లో నోటిఫై చేసి 2014 మార్చి నుంచి అమలు చేసిన షెడ్యూల్ హెచ్1 ప్రకారం దుకాణదారు డాక్టరు పేరు, రోగి పేరు విడిగా రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. అప్పటి 46 మందుల జాబితాలో సెఫిక్సిమ్ ఉంది, లెవోఫ్లాక్సాసిన్ ఉంది. అజిత్రోమైసిన్ లేదు. అది పాత షెడ్యూల్ హెచ్‌లోనే ఉండిపోయింది: చీటీ తప్పనిసరే, ఈ రిజిస్టరు మాత్రం అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే మందును ఆచితూచి వాడాల్సిన 'వాచ్' వర్గంలో పెట్టింది.

దాన్ని హెచ్1లో చేర్చాలనే నా అభిప్రాయం. అయితే తనిఖీలు నగరాల్లో మొదలవ్వాలి. డాక్టరు దొరకని ఊళ్లో చీటీ కోసం పట్టుబడితే, నిజంగా న్యుమోనియా వచ్చిన బిడ్డకూ మందు అందదు. మన దేశంలో యాంటీబయాటిక్ అనవసరంగా మింగేవాళ్లూ ఉన్నారు, సమయానికి దొరక్క పోయేవాళ్లూ ఉన్నారు.

ఇంకోటి, మన జవాబుల్లో ఎప్పుడూ కనిపించనిది: టీకా. న్యూమోకాకల్ టీకాను 2017లో కొన్ని రాష్ట్రాల్లో సార్వత్రిక టీకా కార్యక్రమంలోకి తెచ్చి, 2021లో దేశమంతటికీ విస్తరించారు. రాని జబ్బుకు మందు రాయాల్సిన పనే ఉండదు. ఏఎంఆర్ ప్రశ్నకు నేను అవగాహన పేరా తీసేసి ఈ పేరా పెట్టుకున్నాను.