లెక్క తప్పిన ఆ ఒక్కటి

మన కణంలో క్రోమోజోములు ఎన్ని? 46 అని బడిపిల్లలు ఠక్కున చెప్పేస్తారు. తమాషా ఏంటంటే, 1920ల నుంచి ముప్ఫై ఏళ్లకు పైగా శాస్త్రవేత్తలు 48 అనే అనుకున్నారు! సూక్ష్మదర్శినిలో అన్నీ చిక్కుపడిన దారపు పోగుల్లా కనిపించేవి మరి. 1956లో స్వీడన్‌ నుంచి చియో, లెవాన్ అసలు లెక్క ప్రకటించారు. మూడేళ్లకే పారిస్‌లో మరో సంగతి తేలింది. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో 47 ఉన్నాయి. 21వ నంబరుది రెండుకు బదులు మూడు.

ఎక్కడిదీ అదనపుది? ఆడపిల్ల తల్లి కడుపులో ఉండగానే ఆమె అండాల్లో క్రోమోజోములు నకళ్లు తీసుకుని, జతకట్టి, విభజన మధ్యలో ఆగిపోతాయి. మళ్లీ కదిలేది అండం విడుదలయ్యే ముందే. నలభై ఏళ్ల తల్లిలో ఆ జతలు నలభై ఏళ్లుగా వేచి ఉన్నట్టే! వాటిని పట్టి ఉంచే ప్రొటీన్ కడియాలు ఈలోగా సడలిపోతాయి. పంపకం తప్పుతుంది. పాతికేళ్ల తల్లులకు సుమారు 1,200 కాన్పుల్లో ఒకటైతే, నలభైకి వందలో ఒకటి. కొన్నిసార్లు తప్పేది తండ్రి కణంలోనూ.

గ్రహణంలో బయటికెళ్లిందనో, బొప్పాయి తిన్నదనో కోడల్ని ఆడిపోసుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. వాటికీ దీనికీ సంబంధమే లేదు.

బిడ్డకు కారియోటైప్ పరీక్ష మాత్రం చేయించండి. నూటికి మూడు నాలుగు కేసుల్లో అదనపు 21 వేరే క్రోమోజోముకు అతుక్కుని ఉంటుంది. అలా తేలితే మరో కాన్పుకు ముందు భార్యాభర్తలిద్దరూ పరీక్ష చేయించుకోవాలి.