ముందు చదువు, తర్వాత ల్యాబు

"నాన్నా, ఇది ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదు!" తనంతట తానే నీళ్ళు పెట్టుకునే పూలకుండీ చూపించి, సైన్స్ ఫెయిర్ ముందు మా అబ్బాయి అన్న మాట.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అదే అన్నాను. ఏడాదిన్నర కష్టపడ్డాక తెలిసింది, ఆ పనికి అప్పటికే వేరొకరికి పేటెంటు ఉందని. మా ప్రాజెక్టు అటకెక్కింది.

అప్పట్నించీ నేను ముందు పేటెంట్లు చదువుతాను. హక్కు కావాలంటే ఎలా చేశారో లోకానికి చెప్పాల్సిందే. సాధారణంగా దరఖాస్తు పెట్టిన 18 నెలలకు ఆ వివరాలు బయటికొస్తాయి. పోటీదారు ఎటు వెళుతున్నాడో, ఎక్కడ ఖాళీ ఉందో, ఏ హక్కు ఎప్పుడు ముగుస్తుందో లెక్కేసుకోవచ్చు.

మందుల కంపెనీలకు ఈ లెక్కే ప్రాణం. ప్రోజాక్ మందులో 40 మిల్లీగ్రాముల కాప్సూలు జెనెరిక్‌కి ముందుగా దరఖాస్తు పెట్టింది మన హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్. పేటెంటు కోర్టులో వీగిపోయాక, 2001 ఆగస్టులో అమెరికాలో 180 రోజుల ప్రత్యేక హక్కు దానికి దక్కింది.

ఆ రాత్రి మావాడూ నేనూ గూగుల్ పేటెంట్స్‌లో వెతికాం. అలాంటి కుండీలు బోలెడు! వాడి మొహం చిన్నబోయింది.

"వీటిలో ఏది ఏం చెయ్యలేదో రాయి" అన్నాను.

పెన్సిలు తీశాడు. మీరూ ఓ ఆదివారం పిల్లలతో కూర్చుని చూడండి.