ఇల్లు దాటకముందే దారి తెలియాలి

హక్కుల గురించి మాట్లాడేటప్పుడు మనం చట్టాలు, కోర్టులు, పోలీసు స్టేషన్ల దాకా వెళ్తాం. అక్కడికి చేరే దారి గురించి మాత్రం మాట్లాడుకోం. మెట్రో రైలు పటం, టిక్కెట్టు ధర స్త్రీల పత్రికలో చర్చించాల్సిన విషయాలా అని కొందరికి అనిపించవచ్చు. కానీ పట్నం వెళ్లాలనుకున్న స్త్రీకి ఇంట్లో ఎదురయ్యే మొదటి ప్రశ్నలు ఏమిటి? ఎక్కడ దిగుతావు? ఎంతవుతుంది? ఎన్నింటికి తిరిగొస్తావు? ఈ మూడింటికీ జవాబు లేకపోతే నాలుగో మాట సిద్ధంగా ఉంటుంది: ‘నీకేం తెలుసు, నేనొస్తా పద.’ లేదా, ‘ఇప్పుడు వద్దులే.’

మగవాడు దారి తెలియకుండానే బయల్దేరగలడు. అడుగుతూ పోతాడు, ఆలస్యమైతే స్టేషన్లోనే పడుకుంటాడు. స్త్రీకి ఆ వెసులుబాటును ఈ సమాజం ఇవ్వలేదు. ఆమె ప్రయాణం బయల్దేరకముందే, ఇంట్లోనే ఖాయమవుతుంది. చేతికిచ్చే డబ్బు లెక్కా అక్కడే తేలుతుంది. అందుకే ఆమెకు ఆ సమాచారం పట్నంలో దిగాక గోడ మీద కనిపిస్తే సరిపోదు, ఊళ్లో ఉండగానే చేతికందాలి.

హైదరాబాద్ సంగతి చూద్దాం. ఇక్కడ మెట్రో 2017 నవంబరులో మొదలైంది. మియాపూర్-ఎల్.బి.నగర్ ఎరుపు లైను, నాగోల్-రాయదుర్గం నీలం లైను, జె.బి.ఎస్.-ఎం.జి.బి.ఎస్. ఆకుపచ్చ లైను, ఈ మూడింటి మీదా 57 స్టేషన్లున్నాయి. నిమ్స్ ఆస్పత్రికి వెళ్లే స్త్రీ ఇమ్లీబన్ బస్టాండులో దిగితే, పక్కనే ఉన్న ఎం.జి.బి.ఎస్. స్టేషన్లో మియాపూర్ వైపు రైలెక్కి ఇర్రంమంజిల్‌లో గానీ పంజాగుట్టలో గానీ దిగవచ్చు. మధ్యలో బండి మారే పని లేదు. అదే సికింద్రాబాద్‌లో రైలు దిగితే నీలం లైను ఎక్కి, అమీర్‌పేటలో ఎల్.బి.నగర్ వైపు మారాలి. చెప్పుకుంటే ఇంతే. కానీ పటం మీద ఉండేవి స్టేషన్ల పేర్లు. ఆమెకు తెలిసింది ఆస్పత్రి పేరు. ఈ రెండింటినీ కలిపి చెప్పే కాగితం జిల్లా బస్టాండులో ఎందుకుండదు?

ధర సంగతి మరీ చిక్కు. 2025 మే 17న హైదరాబాద్ మెట్రో ఛార్జీలు 12 నుంచి 75 రూపాయలయ్యాయి. వారం తిరగకుండానే పది శాతం తగ్గించి 11 నుంచి 69 చేశారు. అదే ఏడాది ఆగస్టులో ఢిల్లీ మెట్రో కూడా పెంచింది, గరిష్ఠ ధర 60 నుంచి 64 అయింది. పాత కాగితం నమ్ముకుని లెక్క కట్టుకున్న స్త్రీకి ఆ తేడా చిన్నది కాదు, రానూపోనూ రెండుసార్లు కట్టాలి మరి. అందుకే ధరల పట్టిక మీద తేదీ తప్పకుండా ఉండాలి.

పేర్లతో వచ్చే తికమక వేరు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకం కింద రాష్ట్ర స్త్రీలు సిటీ ఆర్డినరీ, ‘మెట్రో ఎక్స్‌ప్రెస్’ బస్సుల్లో ఉచితంగా తిరుగుతున్నారు. మెట్రో రైలుకు ఆ పథకం వర్తించదు. ఒకటి బస్సు, ఒకటి రైలు, రెంటికీ మెట్రో పేరే. ఈ ముక్క ముందే తెలియని స్త్రీ టిక్కెట్టు కిటికీ దగ్గర చిన్నబుచ్చుకోవలసి వస్తే, తప్పు ఆమెదా?

‘అన్నీ ఫోన్లో ఉన్నాయి కదా’ అంటారు. ఎవరి ఫోన్లో? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో తాము స్వయంగా వాడుకునే ఫోను ఉన్న స్త్రీలు 54 శాతమే. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవారు మూడో వంతు. మిగతా స్త్రీల సమాచారం భర్త జేబులోనో, కొడుకు చేతిలోనో ఉంటుంది. అడిగి తెలుసుకోవడమంటే ఎక్కడికి వెళ్తున్నదీ వాళ్లకు చెప్పుకోవడమే. కొట్టే భర్త మీద ఫిర్యాదు చేయడానికి వెళ్లే స్త్రీ దారి ఎవర్ని అడగాలి?

ఇది ఎవరి దయా కాదు. 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం ప్రభుత్వ సంస్థలు సమాచారాన్ని అడగకుండానే వెల్లడించాలి. స్థానిక భాషనూ, ఆ ప్రాంతంలో జనానికి బాగా చేరే పద్ధతినీ దృష్టిలో పెట్టుకోవాలని కూడా ఆ సెక్షనే చెబుతోంది. మహబూబ్‌నగర్ బస్టాండులో వేచి ఉన్న స్త్రీకి బాగా చేరేది గోడ మీది తెలుగు పటమే, వెబ్‌సైటు కాదు. జిల్లా బస్టాండ్లలో, రైల్వే స్టేషన్లలో, ఐకెపి కార్యాలయాల్లో తేదీ వేసిన పటమూ ధరల పట్టికా పెట్టాలని మనం అడగాలి. ఆస్పత్రులు, కోర్టులు, మహిళా కమిషన్ కార్యాలయం ఏ స్టేషనుకు దగ్గరో అందులో రాయించాలి.

మన సంస్థలు చేయగలిగిన పనీ ఉంది. ‘జంతర్ మంతర్ దగ్గర ఉదయం 10 గంటలకు ధర్నా’ అని రాసి పంపే కరపత్రంలో ఇంకో నాలుగు వాక్యాలకు చోటు లేకపోదు. న్యూఢిల్లీ స్టేషన్లో దిగేవారు ఎల్లో లైనులో గురుగ్రామ్ వైపు ఎక్కాలి, రాజీవ్ చౌక్ తర్వాత వచ్చే పటేల్ చౌక్‌లో దిగాలి. నిజాముద్దీన్‌లో దిగేవారు పింక్ లైనులో లజ్‌పత్ నగర్ వెళ్లి, అక్కడ వయొలెట్ లైను మారి జన్‌పథ్‌లో దిగాలి. బండి వెళ్లే దిశలో మొదటి పెట్టె స్త్రీలదే, 2010 నుంచీ. ఆ రోజు ఛార్జీ ఎంతో కూడా రాస్తే, పదిమందిలో ఒకరి వెంట మిగతా తొమ్మిదిమంది పరిగెత్తే అవసరం ఉండదు. ఎవరైనా తప్పిపోయినా మళ్లీ చేరుకోగలుగుతారు.

ఒకసారి తనంతట తాను వెళ్లి వచ్చిన స్త్రీ రెండోసారి ఎవర్నీ తోడు అడగదు, పక్కింటామెకు కూడా దారి చెబుతుంది. ఆ మొదటి ప్రయాణానికి కావలసిన కాగితాన్ని ఆమె చేతిలో పెట్టడం దగ్గర మొదలుపెడదాం.