పాలిపోయింది లేతాకా, ముదురాకా?

పాతపట్నంలో ఎరువుల షాపు ముందు ఓ పది నిమిషాలు నిలబడండి. "ఆకు పాలిపోతంది" అని ఎవరైనా అంటే చాలు, పక్కనుంచి జవాబు రెడీ: "యూరియా ఎయ్యి, సర్దుకుంటాది." ఒక్కోసారి సర్దుకోదు, డబ్బులే పోతాయి. నేనైతే ముందు ఒకటే అడుగుతాను: పాలిపోయింది లేతాకా, ముదురాకా?

ముదురాకైతే నత్రజని లోటు కావొచ్చు. పాత ఆకుల్లోని నత్రజనిని లాగి మొక్క కొత్త ఆకులకి పంపేస్తుంది. గంధకం, అదే సల్ఫర్, అంత సులువుగా కదలదు. అందుకే అది తక్కువైతే లేతాకులే ముందు పాలిపోతాయి.

మట్టిలోని సల్ఫేట్‌ని వేరు పీల్చుకుంటుంది. అది మెట్టుమెట్టుగా సల్ఫైట్, సల్ఫైడ్ అయి, చివరికి సిస్టీన్ అనే అమైనో ఆమ్లంగా మారుతుంది. ఇది చాలకపోతే ప్రోటీన్లు సరిగా తయారుకావు. ఎంత యూరియా పోసినా మొక్క వాడుకోలేదు. ఉల్లి ఘాటు, వెల్లుల్లి వాసన కూడా గంధకం చలవే.

నాకు తెగ నచ్చే సంగతి ఇప్పుడు చెప్తాను. ఆవ మొక్కకి చుట్టమైన అరబిడాప్సిస్‌లో ఈ మెట్ల మీద పనిచేసే ఎంజైమ్‌లు చాలావరకు ఒంటరివి కావు. మొదటి మెట్టు ఏటీపీ సల్ఫ్యూరిలేజ్‌కి 4 జన్యువులు, రెండోదైన ఏపీఎస్ రిడక్టేజ్‌కి 3. ఒకే పని చేసే ఈ అన్నదమ్ములే ఐసోఫార్మ్‌లు. సిస్టీన్ తయారుచేసే ఎంజైమ్‌లైతే కణద్రవంలో ఒకటి, హరితరేణువులో ఒకటి, మైటోకాండ్రియాలో ఒకటి కాపురముంటాయి. ఒకదాన్ని తీసేసినా మొక్క బతికేసింది, మిగతావి ఆదుకున్నాయి. మధ్యలో సల్ఫైట్ రిడక్టేజ్‌కి మాత్రం ఒక్కటే జన్యువు. దాని పని తగ్గిస్తే ఎదుగుదలే కుంటుపడింది.

ఈ జన్యువులన్నీ ఎప్పుడూ ఒకే జోరుతో పనిచేయవు. గంధకం తగ్గగానే, వేళ్లలో సల్ఫేట్‌ని లోపలికి లాగే ప్రోటీన్ల జన్యువులు జోరందుకుంటాయి. ఫోన్లో బ్రైట్‌నెస్ పెంచినట్టన్నమాట. దీన్నే జీన్ ఎక్స్‌ప్రెషన్ పెరగడం అంటారు. ఈ స్విచ్‌ల వెనకున్న స్లిమ్1 అనే ప్రోటీన్‌ని 2006లో జపాన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు.

సరే, మట్టిలోనే సరుకు లేకపోతే స్విచ్ ఎన్నిసార్లు వేసి ఏం లాభం? సింగిల్ సూపర్ ఫాస్ఫేట్‌లో సుమారు 11 శాతం గంధకం ఉంటుంది. డీఏపీలో భాస్వరం దండిగా ఉంటుంది గానీ గంధకం లెక్కలోకి రాదు. సూపర్ మానేసి డీఏపీకి మారిన పొలానికి తెలియకుండానే గంధకం కోత పడుతుంది. వేరుశనగకి పూత టైములో వేసే జిప్సం కాల్షియంతో పాటు గంధకమూ ఇస్తుంది. 2023లో వచ్చిన యూరియా గోల్డ్‌లో 37 శాతం నత్రజనితో పాటు 17 శాతం గంధకం కలిపారు.

అలాగని లేతాకు పాలిపోయిన ప్రతిసారీ గంధకమే అనుకోకండి. ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం మాత్రమే పాలిపోతే ఇనుము లోటు కావొచ్చు. ఆకంతా ఒకేలా పాలిపోతే గంధకాన్ని అనుమానించాలి. మట్టి పరీక్ష కార్డులో గంధకం లెక్క కూడా ఉంటుంది.

ఇంట్లో సాగు ఉన్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! నాన్న యూరియా బస్తా ఎత్తేలోపు ఆ కార్డు ఒకసారి తీసి చూడండి.